ఆసుపత్రి సిబ్బంది ఆరోగ్యరక్షణ

ఆసుపత్రి అనగానే మన మనస్సునకు తోచునది రోగి. మంచముపై పరుండినవాడు ఎట్లున్నాడు, జ్వరము తగ్గినదా, పథ్యము పెట్టినారా అని అడుగుదుము. ఆ మంచము చెంత రాత్రి యంతయు నిలిచియున్న నర్సు భోజనము చేసినదా అని అడుగువారు అరుదు. వైద్యునకు జ్వరము వచ్చినదని వినినచో "డాక్టరుకు కూడ జ్వరమా!" అని నవ్వుకొనుట మనకు అలవాటు. వైద్యవృత్తి యొక తాయెత్తువలె ఆ వృత్తిలోనివారిని కాచుచుండునని మనకు తెలియకుండగనే నమ్ముచుంటిమి. 2020 సంవత్సరమున ఆ నమ్మకము చెదరిపోయినది.

అది మన సీమలో ఎట్లు చెదరినదో ముందు చెప్పెదను. గాండ్లపెంట, కదిరి, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము - ఇవన్నియు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆ జిల్లా ఏర్పడువరకు అనంతపురము జిల్లాలోనివి. 2020 ఏప్రిల్ మాసపు మొదటి పక్షమున హిందూపురమునకు చెందిన ఒక వృద్ధుడు అనంతపురమున చికిత్స పొందుచు మరణించెను. ఆయనకు కోవిడ్ వ్యాధి యున్నట్లు మరణించిన పిమ్మట తేలినది. కొలది దినములలోనే, ఆ చికిత్సలో పాల్గొన్నవారిలో ఇద్దరు వైద్యులకు, ఇద్దరు నర్సులకు వ్యాధి సోకినట్లు పరీక్షలలో బయటపడినది. జిల్లాలో తొలి కేసులు కనిపించి అప్పటికి రెండు వారములైనను నిండలేదు.

నలుగురే కదా అని అనుకొనరాదు. నలుగురికి వ్యాధి వచ్చినదనిన, వారితో కలిసి పనిచేసినవారు, కలిసి భోజనము చేసినవారు, ఒకే వాహనములో వచ్చినవారు - అందరును పదునాలుగు దినములు విడిగా ఉండవలసివచ్చెడిది. పెద్ద ఆసుపత్రిలో ఆ వెలితిని ఎట్లో పూడ్చుకొనవచ్చును. పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును తలచుకొనుడు. అక్కడ ముగ్గురు నర్సులున్నారనుకొందము. ఒకరికి జ్వరము. ఆమెతో కలిసి క్యారియరు విప్పి అన్నము తిన్న రెండవ యామె ఇంటికే పరిమితము. మిగిలినది ఒకరు. పగలును ఆమెయే, రాత్రియు ఆమెయే. కాన్పునకు వచ్చిన పడుచుకు ఆమెయే, పాము కరచినవానికిని ఆమెయే. సిబ్బంది ఆరోగ్యము సిబ్బంది స్వవిషయము కాదనుటకు ఇంతకంటె లెక్క అక్కరలేదు.

ప్రపంచమంతటి లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసినది. 2020 జనవరి మొదలు 2021 మే వరకు ఈ వ్యాధివలన మరణించిన ఆరోగ్య సిబ్బంది 80,000 నుండి 1,80,000 వరకు ఉండవచ్చుననియు, నడిమి అంచనా 1,15,500 అనియు ఆ సంస్థ ప్రకటించినది. అంచనా అంత వెడల్పుగా ఉండుటయే ఒక సంగతిని చెప్పుచున్నది: అనేక దేశములలో మరణించిన ఆయాను, స్వీపరును, అంబులెన్సు డ్రైవరును ఆరోగ్య సిబ్బందిగా లెక్కించినవారే లేరు.

ఆసుపత్రివారికి సోకు అవకాశము హెచ్చుగా ఉండుటకు హేతువులు స్పష్టమైనవే. బజారులో దగ్గినవానిని మనము క్షణములో దాటిపోదుము. నర్సు ఆ దగ్గు ఎదుటనే యెనిమిది గంటలు నిలువవలెను. రోగికి గొట్టము వేయునపుడు, గొంతునుండి నమూనా తీయునపుడు వైద్యుని ముఖము రోగి ముఖమునకు జానెడు దూరమున ఉండును. ఇది అందరికి తెలిసినదే. తెలియనిది మరొకటి కలదు. రోగి ముందర మాస్కు, చేతి తొడుగులు ధరించి ఎంతో జాగ్రత్తగా నుండిన సిబ్బంది, టీ త్రాగు గదిలో వానిని తీసివేసి ఒకరి కెదురుగా నొకరు కూర్చుందురు. చిన్న గది, కిటికీ యొకటి, అదియు చలికి మూసియుండును. వార్డులో రాని వ్యాధి అచ్చట వచ్చును. సిబ్బంది విశ్రాంతి గదికి గాలి వచ్చునట్లు చేయుట ఖరీదైన యంత్రముతో సమానమైన పని అని నా అభిప్రాయము. అయితే యంత్రమునకు ప్రారంభోత్సవము జరుగును, కిటికీకి జరుగదు.

శీతకాలమున ఈ చిక్కు పెరుగును. మన మెట్ట సీమలో ఎండలు ఎంత తీవ్రమో, మార్గశిర పుష్య మాసములలో రాత్రులు అంత చల్లన. వార్డులలో తలుపులు బిగింతురు; కిటికీలకు దుప్పట్లు కట్టుదురు. వేరుశనగ పంట ఇంటికి వచ్చి చేతికి తీరిక దొరకిన కాలమది, పెండ్లిండ్లు, తిరునాళ్ళు. బెంగుళూరికి కూలికి పోయిన పిల్లలు సంక్రాంతికి బస్సులు క్రిక్కిరియునట్లు ఇల్లు చేరుదురు. మన దేశమున ఫ్లూ జ్వరములు సంవత్సరమునకు రెండుమారులు విజృంభించును: వర్షములతో నొకసారి, జనవరి నుండి మార్చి వరకు మరొకసారి. అందుచేత చలికాలమున ఆసుపత్రి ముందు బారులు పెరుగు సమయమునకు, లోపల చేతులు తరుగుట కూడ ఆరంభమగును.

ఇక టీకాల సంగతి. టీకా మనకు కొత్త కాదు. అరువదేండ్లు దాటినవారి భుజముపై మశూచి టీకా మచ్చ నేటికిని చూడవచ్చును. అమ్మవారు పోసినదని వేపమండలు కట్టిన ఇండ్లలోనికి టీకాల ఉద్యోగి వచ్చుచుండగా పిల్లలు గాదెల చాటున దాగుకొనిన కథలు ప్రతి పల్లెలోను వినబడును. ఆ మశూచి 1975 తో మన దేశము విడిచిపోయినది. అంతకు పూర్వము ప్లేగు. బొంబాయిలో 1896లో ప్లేగు చెలరేగగా, హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు టీకామందు తయారుచేసి, 1897 జనవరి 10వ తేదీన తొలుత తన శరీరమునకే ఎక్కించుకొనెను. ఇతరులకు ఇచ్చుటకు ముందు తాను తీసుకొనవలెనని ఆయన తలచెను. అదే సంవత్సరమున ఆంగ్ల ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసినది. ఆ పాత చట్టమే నూట ఇరువదిమూడేండ్లకు మరల పనికివచ్చినది. ఎట్లో ముందు చెప్పెదను.

కోవిడ్ టీకా మన దేశమున 2021 జనవరి 16వ తేదీన ప్రారంభమయ్యెను. కనుమ పండుగ మరునాడది. దేశమంతట 3,006 కేంద్రములు. అందు మన ఆంధ్రప్రదేశమున 332. మొట్టమొదట ఎవరికి ఈయవలెననుటలో సందేహము లేకుండెను: ఆసుపత్రులలో పనిచేయువారికి. ఆ దినమున ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో తొలి టీకా తీసుకొన్నది ఒక పారిశుద్ధ్య కార్మికుడు. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలోను పారిశుద్ధ్య కార్మికురాలే. ఇది కేవలము ఛాయాచిత్రము కొరకు చేసిన మర్యాద అని కొందరు అనిరి. ఛాయాచిత్రమునకే అయినను మంచిదే. రోగి వాడిన గుడ్డను, దూదిని, సూదిని ఎత్తునది ఆ చేయి. ఆసుపత్రి వరుసలో ఎల్లప్పుడును చివర నిలుచునది ఆ చేయి. ఒక్కదినమైనను ముందుకు వచ్చినది.

టీకా వేయు పద్ధతి నిరాడంబరమైనది. రెండు నుండి ఎనిమిది డిగ్రీల చలువలో ఉంచిన మందు జిల్లా కేంద్రమునుండి పెట్టెలలో బయలుదేరును. అర మిల్లీలీటరు భుజమున ఎక్కించి, అర్ధగంట సేపు కూర్చుండబెట్టి చూతురు. మొదట నిర్ణయించిన ప్రకారము ఇరువదియెనిమిది దినములకు రెండవ మోతాదు. ఒక్కొక్క కేంద్రమున దినమునకు నూరుగురు. పేర్లు ముందుగానే కంప్యూటరులో నమోదైయుండెను. కోవిషీల్డు సీసా ఒకటి విప్పినచో పదిమందికి సరిపోవును. విప్పిన నాలుగు గంటలలో ముగియవలెను. పదిమందిలో ఆరుగురే వచ్చినచో నాలుగు మోతాదులు పారబోయవలసినదే.

మొదటి దినములలో ఆ ఆరుగురే వచ్చిన చోట్లు అనేకము. ఇది చెప్పుటకు వెనుదీయ నక్కరలేదు. వైద్యశాస్త్రము చదివినవారే సంకోచించిరి. వారి సంకోచమునకు ఆధారము లేకపోలేదు. హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాకు 2021 జనవరి 3వ తేదీన అత్యవసర వినియోగపు అనుమతి లభించునాటికి, 25,800 మందిపై జరుగుచుండిన మూడవ దశ పరీక్ష ఇంకను ముగియలేదు. "పరీక్ష ముగియకుండ మా భుజములేల?" అని యువ వైద్యులు ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే, దానిని దేశభక్తి లోపముగా చూచినవారిదే పొరపాటు. ఆ పరీక్షాఫలితము 2021 జూలైలో ప్రకటితమైనది: వ్యాధిలక్షణములను నివారించుటలో నూటికి 77.8 పాళ్ళు. లెక్క ముందుగా వచ్చియున్నచో సంకోచము ముందుగానే తీరియుండెడిది.

పల్లెలలో ఈ సంకోచపు ఫలితము నేరుగా కనిపించినది. ఆశా కార్యకర్త ఇంటింటికి తిరిగి టీకాకు రమ్మని పిలుచునపుడు, అరుగుమీది అవ్వ శాస్త్రము నడుగదు. పరీక్షల దశల నడుగదు. "నువ్వు ఏసుకున్నావామే పాపా, ముందు ఆ మాట చెప్పు" అని అడుగును. "ఏసుకున్న్యా అవ్వా, రెండు తూర్లు ఏసుకున్న్యా. ఒకరోజు ఒళ్ళు కాలింది, అంతే" అనినచో అవ్వ చెప్పులు వెదకుకొనును. "ఇంగా లేదవ్వా" అనినచో ఆ వీధిలో నాటికి పని లేదు. హాఫ్కిన్ పండితుడు నూరేండ్ల క్రిందట గ్రహించినదియు, ఆ అవ్వ గ్రహించినదియు ఒకటియే.

టీకా నిజముగా ఆసుపత్రివారిని కాచినదా? ఈ ప్రశ్నకు మనకు దగ్గరలోనే సమాధానమున్నది. రాయవేలూరు మన రాయలసీమవారికి పరాయి ఊరు కాదు. స్థానికముగా నయముకాని జబ్బుకు అప్పుచేసియైనను రోగిని అచ్చటికి తీసుకొనిపోవుదుము. అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలవారు తమ ఉద్యోగులనే లెక్కలోనికి తీసుకొని ఒక పరిశీలన చేసిరి. ఉద్యోగులు సుమారు 10,600 మంది. 2021 జనవరి 21 నుండి ఏప్రిల్ చివరకు వారిలో 8,991 మంది టీకా తీసుకొనిరి, అత్యధికులు కోవిషీల్డే. సరిగా ఆ సమయముననే రెండవ తరంగము విరుచుకొనిపడినది. రెండు మోతాదులు తీసుకొన్న 7,080 మందిలో 679 మందికి వ్యాధి సోకినది. అనగా నూటికి పదిమంది కంటె కొంచెము తక్కువ. టీకా తీసుకొననివారితో పోల్చిచూచినచో, వ్యాధి సోకకుండ కాచుటలో నూటికి 65 పాళ్ళు, ఆసుపత్రిలో చేరవలసిన అవసరము తప్పించుటలో 77, ప్రాణవాయువు పెట్టవలసిన స్థితి తప్పించుటలో 92, తీవ్రచికిత్సా విభాగమునకు పోకుండ కాచుటలో 94 పాళ్ళు ఫలితము కనిపించినది. వ్యాధి ప్రారంభమైన నాటినుండి అప్పటివరకు ఆ సంస్థలో మరణించిన ఉద్యోగి ఒక్కరే. ఆయన టీకా తీసుకొనలేదు; ఇతర వ్యాధులును ఉండెను.

ఈ అంకెలను జాగ్రత్తగా చదువవలెను. టీకా తీసుకొన్నవారికి వ్యాధి రాదని అవి చెప్పుటలేదు. ఆరువందల డెబ్బదితొమ్మిదిమందికి వచ్చినది. వచ్చినను వారు ఇంటివద్ద కొన్ని దినములుండి తిరిగి వార్డునకు పోగలిగిరి. అదియే మనకు కావలసినది. టీకాను గూర్చి ఎక్కువగా చెప్పి ఆశ పెట్టినవారు తక్కువగా చెప్పినవారికంటె అధిక నష్టము చేసిరని నాకు తోచును. "వేయించుకొన్నవానికిని వచ్చినదే" అను ఒక్క మాటతో వేయి మంది వెనుదిరిగిరి.

మరుసటి చలికాలమున, 2022 జనవరి 10వ తేదీనుండి, ఆరోగ్య సిబ్బందికి మూడవ మోతాదు ఈయనారంభించిరి. రెండవ మోతాదునకు తొమ్మిది మాసములు నిండినవారికి. ఒమిక్రాన్ అను రూపమున వ్యాధి వ్యాపించుచుండిన దినములవి. ఆసుపత్రులలో అనేకులకు ఒక్కమారే జ్వరములు వచ్చినవి. అయితే 2021 వేసవివలె శయ్యల కొరకు పరుగులు రాలేదు. 2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించినది.

టీకా ఒక్కటే సిబ్బంది ఆరోగ్యము కాదు. వేసవిలో రక్షణ దుస్తులు తొడుగుకొని ఆరుగంటలు పనిచేసినవారు ఆ ఆరుగంటలును నీరు త్రాగలేదు. త్రాగినచో మరుగుదొడ్డికి పోవలెను, పోయినచో ఆ దుస్తులు తీసి పారవేయవలెను. స్త్రీలకు ఈ బాధ ఇబ్బడి. ధర్మవరము దగ్గరి బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మారినది. అటువంటి చోట పనిచేసినవారు ఇంటికి పోవుటకు జంకిరి. ఇంటిలో ముసలి తల్లిదండ్రులు, చంటిపిల్లలు. పోదమనినను రానీయని ఇండ్లును కలవు. 2020 మార్చి 24వ తేదీన ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ యువ వైద్యులు, అద్దె యిండ్లనుండి తమవారిని వెళ్ళగొట్టుచున్నారని కేంద్ర హోం మంత్రికి లేఖ వ్రాసిరి. సాయంకాలము వాకిట నిలిచి వైద్యులకు చప్పట్లు చరచి రెండు దినములు కాలేదు. కొన్నిచోట్ల దెబ్బలును తగిలినవి. అపుడు, నేను ముందు చెప్పిన 1897 నాటి చట్టమును సవరించుచు 2020 ఏప్రిల్ 22వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. అదే యేడు అది చట్టమైనది. ఆరోగ్య సిబ్బందిని తీవ్రముగా గాయపరచినవారికి ఏడేండ్ల వరకు శిక్ష. ప్లేగునాడు ప్రజలను ఇండ్లనుండి ఈడ్చుటకు అధికారులకు ఉపయోగపడిన చట్టము, ఈనాడు నర్సు కాపురముండు ఇంటిని కాచుటకు ఉపయోగపడినది. చట్టములకును పునర్జన్మ కలదు కాబోలు.

గృహస్థులు చేయదగిన పనులు చాల చిన్నవి. మీ వీధిలో రాత్రి పనిచేసి వచ్చిన నర్సు పగలు నిద్రించునపుడు, తలుపు తట్టి బి.పి. చూడుమని అడుగకుండుట. రోగిని చూడబోవునపుడు ఇంటిల్లిపాదియు ఆటో కట్టించుకొని పోక, ఒకరిద్దరు పోయివచ్చుట. జలుబు, దగ్గు ఉన్నవారు పోకుండుట, పోక తప్పనిచో మాస్కు ధరించుట. పల్లెల మర్యాదలో ఆసుపత్రికి చూడబోకపోవుట తప్పు; ఆ తప్పు చలికాలమున చేసినను ఎవరును నొచ్చుకొనకుండిన బాగుండును.

ఇక ఆసుపత్రులు చేయవలసినది. కోవిడ్ భయము తగ్గినది; టీకా పట్టికలు కూడ మూతపడినవి. అది తగదు. ఆసుపత్రి సిబ్బందిని వెంటాడు జబ్బులలో హెపటైటిస్-బి అను కామెల వ్యాధి ముఖ్యమైనది. రోగికి గుచ్చిన సూది పొరపాటున చేతికి గుచ్చుకొనినచో, ఆ రక్తముద్వారా అది సోకి, సంవత్సరములకొలది తెలియకుండ కాలేయమును చెరచును. దీనికి టీకా ఉన్నది. ఒకప్పుడది విదేశమునుండి రావలెను. సామాన్యునకు అందని ధర. వరప్రసాదరెడ్డి గారు తమ తల్లి శాంతమ్మ గారి పేర హైదరాబాదులో నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్సు సంస్థ 1997లో ఆ టీకాను మన దేశముననే తయారుచేసి ధరను నేలకు దించినది. అట్టి టీకా మన యింట తయారగుచుండగా, మన ఆసుపత్రులలో సూదులెత్తు కార్మికులు అది లేకుండ పనిచేయుట వింత.

వింతయే కాదు, నియమ విరుద్ధము కూడ. ఆసుపత్రి వ్యర్థములను గూర్చి 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములలో, వ్యర్థములను తాకు ప్రతి ఉద్యోగికిని హెపటైటిస్-బి, ధనుర్వాతము మొదలగు వ్యాధులకు టీకాలు వేయించవలెననియు, పనిలో చేరునపుడును పిమ్మట సంవత్సరమున కొకసారియైనను ఆరోగ్య పరీక్ష చేయించవలెననియు స్పష్టముగా వ్రాసియున్నది. ఆ బాధ్యత ఆసుపత్రి నిర్వాహకులది; ప్రభుత్వ ఆసుపత్రియైనను, వీధి చివరి నర్సింగుహోమైనను ఒకటే. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమములోను ఆరోగ్య సిబ్బందికి ఈ టీకా చేర్చబడినది. చలికాలమునకు ముందు ఫ్లూ టీకాయు సిబ్బంది తీసుకొనవలెనని ఆరోగ్యశాఖవారు సలహా యిచ్చుచున్నారు. వైరస్ రూపము మారుచుండును గనుక అది ఏటేట తీసుకొనవలసినది.

హెపటైటిస్ టీకా మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండవది, ఆరు మాసములకు మూడవది. చిక్కంతయు ఆ ఆరు మాసములలో ఉన్నది. పారిశుద్ధ్య కార్మికులలో పెక్కురు కాంట్రాక్టు పనివారు. కాంట్రాక్టరు మారును, మనుష్యులు మారుదురు, రెండు మోతాదులు తీసుకొన్న యామె మూడవదానికి ముందే మరియొక ఆసుపత్రిలో చేరును. అచ్చట ఆమె కాగితము లేదు. కనుక టీకా వేసిన తేదీలు వ్రాసిన కార్డు ఆఫీసు బీరువాలో గాక ఆ కార్మికురాలి చేతనే ఉండవలెను. ఏ ఆసుపత్రిలో చూపినను మిగిలిన మోతాదు అడ్డుచెప్పక వేయవలెను.